అంబాసిడర్ మోడల్‌లో చిన్న మార్పులు చేయొచ్చా, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచాలా?

దేవరకొండ మోడలర్

అందరికీ నమస్కారం. 1:24 స్కేల్‌లో అంబాసిడర్ మార్క్-2 కడుతున్నాను. కిట్టు దొరకలేదు. కొలతలతో బొమ్మ గీసుకుని, హైదరాబాద్‌లో రెజిన్‌తో (వెలుతురుకు గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) 3డీ ప్రింట్ తీయించాను. అసలు కారు పొడవు సుమారు 4,325 మిల్లీమీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,464. 24తో భాగిస్తే పొడవు 180, చక్రాల మధ్య దూరం 102.7 మి.మీ. వస్తుంది. జానెడు కూడా లేదు.

ఇది మా పెదనాన్న కారు. 1972 మోడల్. దేవరకొండ నుంచి నల్గొండకు, నాగార్జునసాగర్‌కు కిరాయికి తోలేవాడు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇంట్లో అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదట. 1994లో అమ్మేశాడు. ఇప్పుడు మా దగ్గర ఉన్నవి రెండు నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే.

నేను మూడు మార్పులు అనుకున్నాను. కారును 1.5 మి.మీ. కిందికి దించడం. డోర్ హ్యాండిళ్లు, బానెట్ మీద అక్షరాలు తీసేసి నున్నగా చేయడం. కింద లేత ఆకుపచ్చ, పైన మీగడ రంగు వేయడం. చూడగానే అంబాసిడరే అనిపించాలి, రెండోసారి చూస్తే ఏదో తేడా తెలియాలి. మోడళ్లు కట్టే ఇద్దరు స్నేహితులకు చూపిస్తే "పాత కారును ఖరాబు చేస్తున్నావు" అన్నారు. అప్పట్నుంచి పని ఆపేసి కూర్చున్నాను. మీరేమంటారు?

సూర్యాపేట పాత ఇంజన్

తమ్ముడూ, నీ స్నేహితులు చెప్పిందే నిజం. మోడల్‌లో 1.5 మి.మీ. అంటే అసలు కారులో 36 మి.మీ. దాదాపు ఒకటిన్నర అంగుళం. అంబాసిడర్ అందమంతా అది నిలబడే తీరులో ఉంది. పంచె కట్టుకున్న పెద్దమనిషి కూడా తల వంచకుండా ఎక్కి కూర్చునే కారు అది. దాన్ని నేలకు దించితే మిగిలేది పైరేకు మాత్రమే.

ఇంకో మాట. అంబాసిడర్ అంటే ఒకే కారు అనుకుంటారు చాలామంది. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారు అచ్చు తెచ్చి హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపారాలో మొదలుపెట్టింది. 2014 మేలో ప్లాంటు ఆగేదాకా బాడీ ఆకారం పెద్దగా మారలేదు. ఏ కారు ఏ కాలానిదో పోల్చుకునేది చిన్న చిన్న గుర్తులతోనే. మార్క్-2కు సన్న చదరాల గ్రిల్, 1975లో వచ్చిన మార్క్-3కి అడ్డపట్టీల గ్రిల్. అక్షరాలు, హ్యాండిళ్లు కూడా అలాంటి గుర్తులే. వాటిని గీకేస్తే ఆ కారు వయసు చెరిపేసినట్టే.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని బండినే వింటేజ్ అంటారు. అసలు రూపానికి అంత విలువ ఉంది. ఈ మధ్య మా వైపు ఒక ఊళ్లో కోళ్ల గూటికి కప్పుగా వేసిన అంబాసిడర్ బానెట్ చూశాను. ఆ రోజంతా మనసు బాగోలేదు. అసలు కార్లు ఇలా పోతుంటే కనీసం మోడలైనా సరిగ్గా సాక్ష్యం చెప్పాలి కదా.

పాలమూరు బ్రష్

పెద్దన్నా, మీ బాధ అర్థమైంది. కానీ "అసలు రూపం" అనే మాట దగ్గర నేను ఒప్పుకోను.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. మా జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు. అది వచ్చేసరికి ఆయన లేరు. వెనక సింహాసనం లాంటి సీటు ఉంటుంది. ఆ కాలంలో రోల్స్ రాయిస్ కంపెనీ చాసిస్ (అడుగు చట్రం), ఇంజను మాత్రమే ఇచ్చేది. బాడీ వేరే వాళ్లు కట్టేవారు. ఈ కారుకు కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అంటే మనం కళ్లకు అద్దుకునే ఆ కారే కొన్నవాళ్ల ఇష్టప్రకారం తయారైంది. దానికి కంపెనీ రూపం అని ఎక్కడిది? అసలైన వింటేజ్ కాలంలో ఖరీదైన కార్లు చాలా వరకు ఇంతే.

నేను టామియా కంపెనీ వాళ్ల 1966 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కిట్టు కట్టాను. చక్రాల రంగు మార్చాను, బంపర్ మీది అదనపు కొమ్ములు తీసేశాను. చూసినవాళ్లు బీటిల్ కాదనలేదు. తమ్ముడూ, నీ చేయి, నీ మోడల్. ఆపొద్దు.

ఇంకొకటి. రెజిన్ ప్రింట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాగా కడిగి, యూవీ లైటు కింద గట్టిపడనిచ్చాకే ప్రైమర్ వేయి. లోపల పచ్చి రెజిన్ మిగిలితే వారాల తర్వాత రంగు కింది నుంచి జిగటగా బయటికి వస్తుంది. నాకు ఒక బానెట్ అలాగే పోయింది.

సూర్యాపేట పాత ఇంజన్

అమ్మా, ఆ సింహాసనం సీటు కొన్నవాళ్లు చేయించుకున్నది. అది ఆ కారు చరిత్రలో జరిగింది. దేవరకొండ తమ్ముడు హ్యాండిళ్లు తీయడం ఆ కారు చరిత్రలో ఎక్కడ జరిగింది? నా అభ్యంతరం అదొక్కటే.

మిర్యాలగూడ డెంటర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను మోడళ్లు కట్టను, కానీ 22 ఏళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తున్నాను. రైస్ మిల్లుల సేట్ల అంబాసిడర్లు ఎన్నో నా చేతి కింద పోయాయి. వాటిలో కంపెనీ నుంచి వచ్చినట్టు ఉన్న కారు ఒక్కటి కూడా చూడలేదు.

కొన్న వారానికే ముందు బంపర్‌కు ఇనుప గొట్టాల గార్డు కొట్టించేవారు. ముందు అద్దం పైన ఎండ పడకుండా టోపీ అంచులా ఒక రేకు. పైన క్యారియర్. వెనక అద్దానికి తెర. సీట్ల మీద తెల్ల టర్కీ టవళ్లు. దసరాకు బానెట్ మీద పెట్టిన కుంకుమ బొట్టు ఎండకు కాలి, కడిగినా పోని మరక అయ్యేది. ఇవన్నీ మార్పులే. మన వైపు ప్రతి కారులోనూ జరిగాయి. కాబట్టి మార్పు వద్దనే మాట నేను అనను. ఏ మార్పు అనేదే నా ప్రశ్న.

కారును దించే సంగతి తీసుకోండి. అంబాసిడర్‌కు బరువు మోసేవి ముందు టార్షన్ బార్లు (మెలిపడే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు). కిరాయి కారులో ముందు సీట్లో ముగ్గురు, వెనక అయిదుగురు, డిక్కీలో బియ్యం బస్తా. స్టీరింగ్ పక్కన గేరు కాబట్టి ముందు కూడా పొడుగు సీటే, ఇరుక్కుని కూర్చునేవారు. పదేళ్లు అలా తిరిగితే కమాన్ కట్టలు కుంగుతాయి. కారు వెనక్కి కూర్చుని, ముక్కు కొంచెం పైకి లేస్తుంది. నాలుగు వైపులా సమానంగా దించిన కారు విదేశీ పత్రికల్లో కనిపిస్తుంది, మన రోడ్డు మీద కనిపించదు. ముందు అలాగే ఉంచి వెనక మాత్రం ఒక మిల్లీమీటరు దించి చూడు తమ్మీ. అసలు లెక్కలో 24 మి.మీ. దూరం నుంచి చూస్తే నిండు సవారీతో పోతున్న కారులా ఉంటుంది.

రంగు గురించి కూడా చెప్తా. మోడళ్ల మీద అందరూ అద్దంలా మెరిసే క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత) వేస్తున్నారు. ఆ కాలంలో మేం వాడిన డ్యూకో పెయింట్‌కు అంత మెరుపు రాదు. పాలిష్ పెట్టి రుద్దితే మెత్తటి నిగారింపు వస్తుంది. చిన్న బాడీ మీద మరీ మెరిస్తే ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. క్లియర్ వేసినా 2000 నంబరు నీటి కాగితంతో (తడిపి వాడే సన్న గరుకు కాగితం) తేలిగ్గా రుద్ది, ఆ మీద పాలిష్ పెట్టు. అంచుల దగ్గర రుద్దొద్దు, రంగు కోసుకుపోతుంది.

వానాకాలంలో లాకర్ పెయింట్ కొట్టొద్దు. థిన్నర్ వేగంగా ఆవిరైనప్పుడు రేకు చల్లబడి గాలిలో తేమ రంగు మీద పడుతుంది. పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. తప్పకపోతే నిదానంగా ఆరే థిన్నర్ కలుపు.

గద్వాల టీచర్

నాకు ఒక్కటే సందేహం. మోడల్ కింద పేరు ఏమని రాస్తారు? "1972 అంబాసిడర్ మార్క్-2" అని రాసి హ్యాండిళ్లు లేని కారు పెడితే మా బడి పిల్లలు ఆ కాలంలో కార్లకు హ్యాండిళ్లు ఉండవనుకుంటారు. పిల్లలు మనం చూపించిందే నమ్ముతారు. "మా పెదనాన్న కారు, నేను ఊహించుకున్నట్టు" అని రాస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

దేవరకొండ మోడలర్

అందరికీ ధన్యవాదాలు. డెంటర్ అన్న మాట చదివాక నేరుగా పెదనాన్న దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ ఆయన్ను అడగకుండా ఫొటోలు పట్టుకుని కూర్చున్నాను, అదే నా తప్పు. ప్రింట్ చేతిలో పెట్టాను. ఆయనకు చూపు సరిగ్గా లేదు. బొటనవేలితో బానెట్ మీద నుంచి డిక్కీ దాకా మెల్లగా తడిమి, వెనక ఎడమ డోరు దగ్గర ఆగాడు. "దీనికి హ్యాండిల్ ఎందుకు పెట్టినవ్?" అన్నాడు.

ఆ డోరు హ్యాండిల్ ఏదో పెళ్లి సవారీలో విరిగిపోయిందట. కొత్తది వేయించలేదు. లోపలి నుంచి ఒక తీగ కట్టి, ఎవరైనా ఎక్కాలంటే తానే చేయి వెనక్కి చాపి తీసేవాడట. విరిగిన చోట రెండు చిన్న రంధ్రాలు మిగిలితే నీళ్లు పోకుండా లప్పం పెట్టించాడట. మళ్లీ ఇంటికి వచ్చి ఫొటోను భూతద్దం కింద చూశాను. నిజమే, వెనక డోరు మీద హ్యాండిల్ లేదు. ఇన్ని సార్లు చూసి కూడా అది నీడ అనుకున్నాను.

రంగు అడిగితే "నువ్వనుకునే ఆకుపచ్చ గాదు, పచ్చి చింతకాయ రంగు" అన్నాడు. పైన మీగడ రంగు ఉందా అంటే నవ్వాడు. లేదట, అంతా ఒకటే రంగు.

నంబర్ ప్లేటు మీద ఏపీ 24 అని రాద్దామనుకుంటున్నాను, నల్గొండ కారని తెలియాలి కదా. పూర్తి నంబరు ఆయనకు యాదికి లేదు.

సూర్యాపేట పాత ఇంజన్

తమ్ముడూ, ఆ ఒక్క డోరుకు హ్యాండిల్ తీసేయి. నేనే చెప్తున్నాను. అది ఆ కారుకు జరిగిందే. మిగతా మూడు మాత్రం ఉంచు.

ఏపీ 24 రాయకు. ఆ పద్ధతి 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులైలో అమల్లోకి వచ్చాక మొదలైంది. 1972 కారుకు మూడు అక్షరాలు, ఆ తర్వాత అంకెలు ఉండే పాత నంబరు ఉంటుంది. తెలియని నంబరు రాసేకంటే ప్లేటు మీద దుమ్ము పట్టించు. మట్టి రోడ్డు మీద తిరిగిన కారుకు అదేం వింత కాదు.

పాలమూరు బ్రష్

ఇక్కడ నాకొక మాట అనాలని ఉంది. హ్యాండిల్ కథ చదివి నాకు కూడా గుండె బరువెక్కింది. కానీ చూడండి, తమ్ముడు తనకు నచ్చిన మూడు మార్పులతో వచ్చాడు. అందరం కలిసి ఒక్కొక్కటీ చేతిలోంచి తీసేసుకున్నాం. ఫొటోలో ఉన్నదీ, పెదనాన్న చెప్పిందీ మాత్రమే చేయాలంటే ఇక వాడి ఇష్టం ఎక్కడ? పెదనాన్నకు ఆ కారు మీద ఎంత హక్కుందో, చిన్నప్పటి నుంచి ఆ ఫొటో చూస్తూ దాన్ని మీగడ రంగు టాపుతో ఊహించుకున్న పిల్లవాడికీ అంత హక్కు ఉంది. ఆ రంగు తమ్ముడు తన మనసులోంచి తెచ్చుకున్నాడు. దాన్ని తప్పు అనడం నాకు నచ్చలేదు.

మిర్యాలగూడ డెంటర్

అక్కా, మీ మాట నిజమే. మా షెడ్డుకు కూడా ఎందరో వచ్చి "అన్నా, పైన తెల్లరంగు వేయి" అనేవారు. వేసేవాళ్లం. ఎందుకని ఎవర్నీ అడగలేదు.

సూర్యాపేట పాత ఇంజన్

రంగు విషయంలో నేను ఇంకా ఒప్పుకోలేదు. అడిగితే చెప్పే మనిషి బతికుండగా, ఆయన చెప్పిన రంగు కాదని వేరేది వేయడం నావల్ల కాదు.

దేవరకొండ మోడలర్

రెండు రోజులు ఆలోచించి ఇలా చేశాను. ముందు ఎత్తు అలాగే ఉంది. వెనక కమాన్ కట్టలు 0.3 మి.మీ. ప్లాస్టిక్ పట్టీలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టి చేశాను. వేడి నీళ్లలో మెత్తబరిచి వంపు తగ్గిస్తే వెనక ఒక మిల్లీమీటరు దిగింది. బానెట్ మీద అక్షరాలు ఉంచాను. వెనక ఎడమ డోరుకు హ్యాండిల్ తీసి, లప్పం పెట్టిన రెండు చుక్కలు తెలిసీ తెలియనట్టు వదిలాను. లోపల ఆ డోరు నుంచి డ్రైవర్ సీటు వెనక దాకా సన్న రాగి తీగ పోయించాను. కిటికీలోంచి టార్చి వేస్తే కనబడుతుంది. డోర్ల సందులు లోతుగా చెక్కాల్సి వచ్చింది. అసలు కారులో 5 మి.మీ. సందు అనుకున్నా ఇక్కడ 0.2 మాత్రమే, ప్రైమర్‌కే పూడిపోతోంది.

బాడీ అంతా పచ్చి చింతకాయ రంగు. చెట్టు మీది కాయ కోసి పక్కన పెట్టుకునే కలిపాను. పైకప్పు మాత్రం మీగడ రంగు. టీచర్ గారూ, కింద "మా పెదనాన్న కారు, పైకప్పు రంగు నాది" అని రాస్తాను. పెదనాన్నకు చెప్పాను. "నీ బండి, నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. నంబర్ ప్లేటుకు మా ఇంటి ముందరి ఎర్రమట్టి జల్లెడ పట్టి అద్దాను.

సూర్యాపేట పాత ఇంజన్

పైకప్పు చూడకుండా ఉండగలను. కారును బోర్లించి అడుగు భాగం ఫొటో ఒకటి పెట్టు తమ్ముడూ, ఆ కమాన్ కట్టలు దగ్గరి నుంచి చూడాలి.