ఏఆర్-15 ఐరన్ సైట్స్: జీరో 25 గజాలా, 36 గజాలా, 50 గజాలా?

కొత్త_గురి:
ఏఆర్-15 రైఫిల్, 20 అంగుళాల బ్యారెల్, ఏ2 సైట్స్ (ముందు పోస్టు అనే నిలువు ముల్లు, వెనక కన్నం), 62 గ్రెయిన్ల బరువున్న తూటా. 25 గజాల్లో జీరో చేస్తే, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా సైట్స్ సర్దితే, 300 గజాలకు కూడా సరిపోతుందని అందరూ చెబుతుంటే అలాగే చేశాను. 200 గజాల్లో జానెడు పైకి కొడుతోంది. పొరపాటు ఎక్కడుంది?

ఇనుపచూపు:
గజానికీ మీటరుకూ తేడా పట్టించుకోకపోవడంలో ఉందండీ. ఈ సైట్స్ ఉన్న సైనిక రైఫిల్ ఎం16ఏ2 పద్ధతి 25 మీటర్లది, అంటే 27 గజాలకు పైనే. ఇంకో ముఖ్యమైన మెట్టును జనం వదిలేస్తారు. వెనక సైట్ (రియర్ సైట్) ఎత్తు మార్చే ఎలివేషన్ చక్రాన్ని 8/3 (300, 800 మీటర్ల గుర్తు) నుంచి ఒక క్లిక్ పైకి తిప్పి, అప్పుడు 25 మీటర్లలో జీరో చేసి, ఆ తర్వాత ఆ క్లిక్ దించేయాలి. అది దించకపోతే 300 మీటర్లలో తూటా సుమారు మూడున్నర అంగుళాలు పైన పడుతుంది.

సైట్ బ్యారెల్‌కి సుమారు 2.6 అంగుళాల ఎత్తున ఉంటుంది. 25 గజాల్లోనే ఆ ఎత్తు అందుకోవాలంటే బ్యారెల్ మరీ పైకి లేవాలి. అమెరికన్ మెరైన్లు 36 గజాలు ఎంచుకున్నది అందుకే. అక్కడ చూపు గీతను దాటిన తూటా రెండోసారి 300 గజాల దగ్గర దాన్ని కలుస్తుంది, మధ్యలో ఎత్తు సుమారు 5 అంగుళాలు మించదు. మీ రేంజిలో 36 గజాల గీత లేకపోతే 25 గజాల్లో గురికి ముప్పావు అంగుళం కింద పడేలా సర్దండి.

యాభై_గజాలు:
36 ఎందుకండీ? 200 లోపు కాల్చేవాళ్లకు 50 చాలు. మధ్యలో 2 అంగుళాలకు మించి పైకి లేవదు, 200 దాటాక మళ్లీ చూపు గీత మీదికొస్తుంది. 300లో అయిదారు అంగుళాలు కింద పడుతుంది, అంతే. 25 గజాల్లో సరిచూసుకోవాలంటే తూటాల గుంపు సుమారు 1.2 అంగుళాలు కింద కనిపించాలి.

ఇనుపచూపు:
గురి మీద ఎర్ర చుక్క చూపే రెడ్ డాట్ సైట్‌కైతే మీ మాటే ఒప్పుకుంటాను. ఇక్కడున్నది పోస్ట్. 100 గజాల్లోనే దాని వెడల్పు సుమారు 10 అంగుళాలు కప్పేస్తుంది. తూటా కింద పడే జీరోలో పోస్టును గురి మీదికి ఎత్తాలి, అప్పుడు గురే మాయమవుతుంది. పైన పడే జీరోలో పోస్టును కిందికి పెడితే చాలు, గురి దాని నెత్తిన కనిపిస్తూనే ఉంటుంది. పైగా 50 జీరో పెట్టుకుంటే ఎలివేషన్ చక్రం మీది 4, 5, 6 లాంటి అంకెలు (400, 500, 600 మీటర్లు) ఇక పనికిరావు.

యాభై_గజాలు:
అంకెల సంగతి నిజమే. కానీ 200 వరకే కాల్చేవాళ్లు ఆ చక్రం జోలికే వెళ్లరు కదా.

రేంజి_పుస్తకం:
ఏది ఎంచుకున్నా దగ్గర జీరోను నమ్మి ఊరుకోవద్దు. 25లో అరంగుళం తప్పు 200లో 4 అంగుళాలవుతుంది, 50లో అదే తప్పు 2 అంగుళాలు. మూడు మూడు తూటాల గుంపులు మూడు కాల్చి, వాటి మధ్య బిందువు చూసి తిప్పండి. ఒక్క తూటాను చూసి తిప్పేవాళ్లు పొద్దున్నంతా తిప్పుతూనే ఉంటారు. ఎత్తు సరిచేయడానికి ముందువైపున్న పోస్టును మాత్రమే తిప్పాలి: కుడివైపుకు తిప్పితే పోస్టు దిగి తూటా పైకి వెళ్తుంది. 50 గజాల్లో ఒక క్లిక్‌కు సుమారు 0.6 అంగుళం. పక్కలకు జరపడానికి రియర్ సైట్ పక్కనున్న చక్రం, అదే 50 గజాల్లో క్లిక్‌కు పావు అంగుళం. రియర్ సైట్‌లో రెండు కన్నాలుంటాయి, జీరో చిన్న కన్నంతోనే చేయాలి. 0-2 అని ఉన్న పెద్ద కన్నం వెలుతురు తక్కువున్నప్పటికి.

కొత్త_గురి గారూ, మీకు 200 గజాల గీత ఉంది కాబట్టి ముందు 50లో పెట్టుకుని 200లో కాల్చి చూడండి. అక్కడ గుంపు ఎటు పడితే పోస్టును దాన్నిబట్టే సర్దండి.