అతుకుల బొంత: తిట్టు మాటేనా?

నల్లగొండ నుంచి:
సంకీర్ణ ప్రభుత్వం అనంగనే పేపర్లల్ల "అతుకుల బొంత" అని హెడ్డింగు పెడ్తరు. బొంత కుట్టెటోళ్లు ఈ మాటను తిట్టుగ ఒప్పుకుంటరా? ఇంకోటి. కష్టంల ఉన్నప్పుడు బొంత కుడ్తె మనసు కుదుటవడ్తదంటరు. ఇది మాటవరసకు అనేదేనా, ఆ పనిల నిజంగ ఏమన్న ఉన్నదా?

దేవరకొండ నుంచి:
తిట్టుల సగం నిజమున్నది. బొంత అతుకు మీద చినగదు, అతుకు పక్కపొంటి చినుగుతది. పాత నూలు చీర పోగులు అరిగి ఉంటయి. దాని మీద కొత్త మందపు గుడ్డ ఏస్తె, గుంజినప్పుడల్ల బరువు అతుకు అంచు మీదనే పడి, కుట్టు వారనే చీలిక లేస్తది. కొత్తగుడ్డ మొదటి ఉతుకుల ముడుచుకుంటది గూడ. అందుకే మాసికకు పాత గుడ్డనే తియ్యాలె. చిరుగు చుట్టూ రెండు వేళ్ల మందం ఎక్కువ కత్తిరించి, అంచు పావు అంగుళం లోపటికి మలిచి, మూలలు గుండ్రంగ చెయ్యాలె. సూటి మూల ఉంటె లేచేది అక్కడినుంచే. బలం కుదరని గుడ్డలు కలిపితె ఏమైతదో బొంత చెప్తది. హెడ్డింగు పెట్టినాయన బొంత చూసిండో లేదో గని, పోలిక మాత్రం తప్పు గాదు.

మహబూబ్‌నగర్ నుంచి:
మాసిక, రఫూ ఒకటే అన్నట్టు రాస్తున్నరు కొందరు. మాసికల వేరే గుడ్డ పడ్తది. రఫూల గుడ్డ పడదు, పోగులే నిలువు అడ్డం అల్లి రంధ్రం పూడుస్తరు. బొంతకు రఫూ దండుగ, అంత నాజూకు పని దాంట్ల కనవడది.

మిర్యాలగూడ నుంచి:
రెండో ప్రశ్నకు చెప్త. కుండ దొర్లకుంట కింద పెట్టే గడ్డి చుట్టను కుదురు అంటం. "కుదురుగ కూసో" అన్నా, "మనసు కుదుటవడ్డది" అన్నా ఆ నిలకడ గురించే. బొంత పనిల ఆ నిలకడ యాడికెల్లి వస్తదంటె, బొంతకు పడేది ఒకటే కుట్టు. సూది కిందికి పోతది, మీదికి వస్తది. ఏ పువ్వు, ఏ రంగు అని ఎంచుకునేది ఉండదు. చెయ్యికి పని ఉంటది, కన్ను వరుస మీద ఉంటది, ఆలోచన మాత్రం అంతగ అవసరం పడదు. గొలుసు కుట్టు, కాడ కుట్టు అట్ల గాదు, మనసు చెదిరితె వంకర తిరిగి విసుగొస్తది.

అయితె ఒక షరతు. కత్తిరించుడు, పరుచుడు, కచ్చా కుట్టు (పొరలు కదలకుంట ముందుగాల ఏసే పొడుగు కుట్లు) ఏసుడు మనసు బాగున్న దినమే ముగించుకోవాలె. తిప్పలొచ్చిన దినానికి వరుస కుట్టు ఒక్కటే మిగలాలె. దవాఖాన్ల కూసొని కుట్టేటోళ్లు పెద్ద బొంత పట్టొద్దు. పసిపిల్ల కింద పరిచేది, రెండడుగులు మూడడుగులు ఉంటె ఒళ్లె పడ్తది. ముందే నాలుగైదు సూదులకు దారం ఎక్కించి పెట్టుకోవాలె. ఒక దారం అయిపోతె ఒక పని ఒడిసినట్టు. సూదులు ఎన్నో లెక్క పెట్టుకొనే లేవాలె, పసిపిల్లల కింద పరిచేది గద.

నిద్ర లేక వారాలు గడుస్తుంటె మాత్రం సూది మీదనే ఆశ పెట్టుకోవద్దు. డాక్టరుకు చూపియ్యాలె. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగుల మాట్లాడ్తరు.

నల్లగొండ నుంచి:
అక్కా, కొలతలు గూడ చెప్పురి. నడుమ గాలి బుడగ లెక్క ఉబ్బుడు ఎందుకైతది?

మిర్యాలగూడ నుంచి:
ఐదున్నర మీటర్ల నూలు చీర సగానికి మడిస్తె రెండు పొరలు. మూడు చీరలైతె ఆరు పొరలు, చలికాలానికి సరిపోతది. పాలిస్టరు కలవొద్దు, పొర మీద పొర జారుతది, చెమట పీల్చది. రంగు పోయే చీర ఉంటె ముందే ఏరుగ ఉతకాలె.

ఉబ్బుడు కచ్చా కుట్టు ఎగ్గొడ్తె అయితది. నేల మీద పరిచి, మూలలకు బరువు పెట్టి, నడుమ నుంచి అంచులకు అరచేత్తోని సాపు చెయ్యాలె. జానెడు ఎడంతోని పొడుగు కుట్లు నిలువు, అడ్డం ఏస్తె పొరలు కదలవు. అది లేకుంట చుట్టూ అంచు నుంచి కుట్టుకుంట లోపటికి వస్తె, మిగులు గుడ్డంత నడిమికి తోసుకొస్తది. అప్పుడు కోసి మడిచి కుట్టుడు తప్ప దారి లేదు.

వరుసకు వరుసకు ఏలు మందం, అంగుళానికి నాలుగైదు కుట్లు. రెండు మూరల దారం, జోడిస్తె మూరెడు. పొడుగు పెడ్తె మెలికలు వడ్తది, గుడ్డల దూరి దూరి నూగు లేసి తెగుతది. మైనం రాస్తె మెలిక తగ్గుతది. ఆరు పొరలకు సన్న సూది వంగుతది, దబ్బనం పెద్ద రంధ్రం చేస్తది, నడిమి రకం తీసుకోవాలె. దారం బిర్రుగ గుంజితె ముడతలు, వదులు చేస్తె కాలేళ్లు ఇరుక్కుంటయి. పాత గుడ్డకు ముడి ఆగదు, ఉన్న చోటనే రెండు మార్లు వెనుకకు కుట్టాలె.

సూర్యాపేట నుంచి:
సంస్కృతంల బొంతను కంథ అంటరు. భజగోవిందంల "రథ్యాచర్పటవిరచితకంథః" అంటె వీధిల దొరికిన పీలికలతోని కుట్టిన బొంత కప్పుకున్నోడు. బెంగాల్ల పాత చీరల కుట్టుపనికి ఇప్పటికీ కాంథా అనే పేరు. తర్వాతి పాదం చివర వచ్చే "పంథః"తోని ప్రాస కోసం ఆ మాట పడ్డదనుకున్నా, అక్కడ అతుకుల బొంత తిట్టు గాదు, యోగి బట్ట.

దేవరకొండ నుంచి:
"గంతకు తగ్గ బొంత" మర్చిపోయిన్రు! అది మాత్రం ఎక్కిరింపే, జంటను చూసి అంటరు.

వనపర్తి నుంచి:
ఏలికి పెట్టుకునే లోహపు టోపీకి తెలుగు మాట ఏమన్న ఉన్నదా?

మహబూబ్‌నగర్ నుంచి:
దర్జీలు అంగుస్తాన అంటరు, ఫార్సీ నుంచి వచ్చింది. అదే వాడురి, కొత్త మాట పుట్టియ్యకురి. ఆరు పొరలకు అది లేకుంట కుడ్తె సూది ఎనుక భాగం ఏలుకు దిగుతది. నడిమేలుకు పెట్టుకోవాలె, బొటనేలుకు పెడ్తె సూది పట్టు దొరకది.