సెల్ఫ్ కొడితే టిక్ మని ఊరుకుంటోంది, నెడితే స్టార్ట్ అవుతోంది. ఏమై ఉంటుంది?

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. బండి 160 సీసీ, 2021 మోడల్, బీఎస్ 6, కిక్ లేదు. వానలకి చాలా రోజులు సెల్లార్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు కీ తిప్పితే మీటర్ వెలుగుతుంది, పెట్రోల్ పంపు జుయ్‌మని మోగి ఆగుతుంది, హారన్ గట్టిగానే ఉంది. సెల్ఫ్ నొక్కితే మాత్రం సీటు కింద ఒక్కసారి 'టిక్', అంతే. వాచ్‌మన్ సాయంతో ర్యాంపు మీద నుంచి వదిలి, సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే వెంటనే అందుకుంది. వీధి చివర షెడ్డులో సీటు కూడా తియ్యకుండా "బ్యాటరీ పోయింది, మార్చేద్దాం" అన్నారు. ఆ బ్యాటరీ వేసి ఏడాది కూడా కాలేదు. నిజంగా మార్చాలా? ఇంకోటి, ఈమధ్య మైలేజీ కూడా తగ్గింది. దానికీ దీనికీ ఏమైనా లింకు ఉందా?

స్పానర్_శీను:
బ్యాటరీయే. టిక్ అంటే బ్యాటరీ డౌన్. కళ్ళు మూసుకుని మార్చెయ్. ఈ ఫీల్డ్‌లో జుట్టు నెరిసినవాణ్ణి, సౌండ్ వింటే చెప్పేస్తాను.

వరంగల్_పోరడు:
అన్నా, సైడ్ స్టాండ్ తీసినవా? కిల్ స్విచ్ చూసినవా? మా దోస్తు పొద్దటిసంది సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ ఖతం చేసిండు. చూస్తే పార్కింగ్‌ల ఎవరో పోరగాడు ఎర్ర స్విచ్ నొక్కి పోయిండు.

మల్టీమీటర్_మామ:
వరంగల్ తమ్ముడూ, కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉంటే చాలా బళ్ళలో పంపు మోగదు, టిక్ కూడా రాదు. ఇక్కడ రెండూ ఉన్నాయి.
గోదారి గారూ, ఏదీ మార్చకండి. మీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ కొనల దగ్గర చూడండి. ఊరికే ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ నొక్కి పట్టుకున్నప్పుడు ఎంత. ఈ రెండు అంకెలు చెప్పండి చాలు. 12.5 ఉండి నొక్కగానే 8కో 7కో పడిపోతే బ్యాటరీ. నొక్కినా కదలకపోతే బ్యాటరీ కాదు, అసలు కరెంట్ మోటార్ దాకా పారడమే లేదు.

పాత_బుల్లెట్:
కిక్ రాడ్ తీసేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. మాది పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్, గేర్ కుడివైపు. బ్యాటరీ ఎంత డౌన్ అయినా లెక్కలేదు. డీకంప్రెసర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్) లాగి, ఆమీటర్ (కరెంట్ చూపే మీటర్) ముల్లు మధ్యకి రాగానే వదిలి, ఒక్క కిక్. అంతే. మీరేమో పాతికవేల జీతానికి లక్షన్నర బండి కొని వాచ్‌మన్‌తో నెట్టించుకుంటున్నారు.

బీఎస్6_బాధితుడు:
ఒక్క కిక్కా? మా నాన్నగారి బుల్లెట్ కిక్ వెనక్కి తన్ని ఆయన చీలమండకి కట్టు కట్టించింది బాబాయ్. ఆమీటర్ ముల్లు కథలు మాకూ తెలుసు.

పాత_బుల్లెట్:
టైమింగ్ సరిగ్గా పెట్టించుకోకపోతే తంతుంది మరి. బండి తప్పు కాదది.

క్లీన్_ఎయిర్_కాకినాడ:
ఎవరూ చెప్పడం లేదు గానీ, ఇంజెక్షన్ బళ్ళని అస్సలు నెట్టి స్టార్ట్ చెయ్యకూడదు. మండని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి, అక్కడ కాలి దాన్ని పాడుచేస్తుంది. కన్వర్టర్ మార్చాలంటే ఎంతవుతుందో షోరూమ్‌లో అడగండి ఓసారి.

బీఎస్6_బాధితుడు:
ఒకసారి ర్యాంపు మీద నుంచి వదిలితే కన్వర్టర్ పోతుందా? మిస్‌ఫైర్ అవుతున్న బండిని రోజుల తరబడి అలాగే తోలితే పోతుంది. ఈయన బండి వెంటనే అందుకుందని రాశారుగా.

క్లీన్_ఎయిర్_కాకినాడ:
మాన్యువల్ చదివే అలవాటు ఉన్నవాళ్ళతో మాట్లాడతాను నేను.

బీఎస్6_బాధితుడు:
నెట్టకూడదని నా మాన్యువల్‌లో లేదు. మీదేదో ప్రత్యేకం అచ్చు వేయించుకున్నట్టున్నారు.

వరంగల్_పోరడు:
అసలు బ్యాటరీ పూర్తిగ చచ్చిపోతే నెట్టినా లాభం లేదు కదన్నా. పంపు తిరగాలె, ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) కరెంట్ కావాలె. ఊరంతా నెట్టినా అందుకోదు. కార్బొరేటర్ బళ్ళే నయం.

స్పానర్_శీను:
అందుకే చెప్తున్నా, బ్యాటరీ మార్చెయ్.

మల్టీమీటర్_మామ:
శీను గారూ, పంపు తిరిగింది, బండి అందుకుంది. అంటే ఇంజిన్, పెట్రోల్, ప్లగ్గు అన్నీ బాగున్నట్టే. పక్కన పెట్టెయ్యండి వాటిని. మిగిలింది సెల్ఫ్ లైన్ ఒక్కటే: బ్యాటరీ, రిలే (టిక్‌మంటూ మోటార్‌కి కరెంట్ కలిపే స్విచ్), లావు కేబుళ్ళు, మోటార్ బ్రష్‌లు, ఎర్త్ (కరెంట్ తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరే దారి). ఆయన మొదటి పోస్టులోనే సగం సమాధానం ఉంది.

సింగ్‌నగర్_సత్తి:
సెల్లార్, వాన అన్నారు కాబట్టి అడుగుతున్నా. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మా వీధి వీధంతా బళ్ళు మునిగాయి. నీళ్ళు తీసిన రోజు అందరం ఒకటే పని, సెల్ఫ్ కొట్టడం. అదే కొంప ముంచింది. సిలిండర్‌లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, నీళ్ళు గాలిలా కుదించుకోవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగిన బండికి ముందు ప్లగ్గు ఊడదీసి తిప్పాలి, నీళ్ళు చిమ్ముకుని బయటికి పోవాలి. ఇంజిన్ ఆయిల్ తీసి చూడాలి. మాది పాలు ఎక్కువైన టీలా వచ్చింది. ఆ ఆయిల్‌తో ఇంజిన్ తిప్పితే బేరింగులు దెబ్బతింటాయి.
ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పిందైతే ఇంకా మంట. "మునిగినందుకు ఇస్తాం, మునిగాక మీరు స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకున్నందుకు ఇవ్వం" అన్నారు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటే వేరట. పాలసీ కట్టించుకునేటప్పుడు ఆ మాట చెప్పరేం?

బెజవాడ_బ్లేజు:
మా కారుదీ అదే కథ. స్టార్ట్ చెయ్యకుండా తాళ్ళు కట్టి లాక్కెళ్ళినవాళ్ళకి మాత్రం ఇబ్బంది లేకుండా క్లెయిమ్ వచ్చింది. ఫోటోలు తీశారా మీరు? నీటిమట్టం కనపడేలా డోర్ మీద మరక ఫోటో తీసినవాళ్ళ పని తేలికైంది.

సింగ్‌నగర్_సత్తి:
ఇంట్లో మంచాలు తేలుతుంటే బండికి ఫోటోలు ఏం తీస్తాం సార్.

గోదారి_గట్టు:
మా సెల్లార్‌లోకి నీళ్ళు రాలేదండీ, చెమ్మ మాత్రమే. మీటర్ తెప్పించుకుంటున్నా, చూసి చెప్తాను. మైలేజీ సంగతి ఎవరూ చెప్పలేదు.

క్లీన్_ఎయిర్_కాకినాడ:
మైలేజీకి కారణం పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్. 2023లో కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు అన్ని బంకుల్లోనూ అదే. మీది 2021 బండి, దానికోసం తయారైంది కాదు.

బీఎస్6_బాధితుడు:
అబ్బో, ఇప్పటిదాకా కాలుష్యం గురించి క్లాసు పీకినాయన ఎథనాల్‌ని తిడుతున్నాడు.

క్లీన్_ఎయిర్_కాకినాడ:
తిట్టలేదు, కారణం చెప్పాను. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. చెమ్మ సెల్లార్‌లో ట్యాంకు సగం ఖాళీగా పెడితే అడుగున నీళ్ళు చేరతాయి. స్టార్ట్ కాకపోవడానికి అదే కారణం కావచ్చు.

వరంగల్_పోరడు:
నెడితే స్టార్ట్ అయిందని మొత్తుకుంటున్నడు కదన్నా! పెట్రోల్‌ల నీళ్ళుంటే నెడితే మాత్రం ఎట్ల అందుకుంటది?

మల్టీమీటర్_మామ:
ఎథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడోవంతు తక్కువ. 10 శాతం నుంచి 20కి పెరిగితే లెక్క ప్రకారం మైలేజీ మూడు నాలుగు శాతం తగ్గాలి. అంతకంటే ఎక్కువ తగ్గితే ముందు టైర్లో గాలి, చైను, పట్టేస్తున్న బ్రేకు చూసుకోండి. ఇక్కడితో ఆ టాపిక్ వదిలెయ్యండి.

డల్లాస్_నాని:
కారు బ్యాటరీ నుంచి జంప్ ఇస్తే తేలిపోతుంది కదా. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మైనస్ 19 దాకా పడింది, మా అపార్ట్‌మెంట్‌లో సగం కార్లు చచ్చాయి. జంపర్ కేబుల్స్ ఉన్నవాడే దేవుడు ఆ వారం. చలికి బ్యాటరీలు నిలబడవు.

రెంటచింతల_ఎండ:
చలికి బ్యాటరీ మూలుగుతుంది, ఎండకి చస్తుంది. మా ఊళ్ళో మే నెల దాటి బతికిన బ్యాటరీకి సన్మానం చెయ్యాలి. ఇక కారు నుంచి బైక్‌కి జంప్ ఇచ్చేటప్పుడు కారు ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. రెండూ 12 వోల్టులే కాబట్టి భయం లేదు. ప్లస్‌కి ప్లస్ ముందు పెట్టి, చివరి నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా ఇంజిన్ ఇనుముకి పెట్టాలి.

స్పానర్_శీను:
ఇన్ని మీటర్లూ జంపర్లూ అక్కర్లేదు. రిలే మీద రెండు లావు నట్లు ఉంటాయి, స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టు. సెల్ఫ్ తిరిగిందా, రిలే పోయింది. తిరగలేదా, మోటార్ పోయింది. మేం రోజూ చేసే పని.

రెంటచింతల_ఎండ:
పెట్రోల్ ట్యాంకు పక్కన నిప్పురవ్వలు లేపమని సలహానా? కొత్తవాళ్ళు చదువుతారండీ ఇక్కడ. పైగా గేర్‌లో ఉంటే బండి ముందుకి దూకుతుంది. రిలేని దాటేశాక క్లచ్ స్విచ్ కూడా కాపాడదు.

స్పానర్_శీను:
నీలాంటివాళ్ళు చేతికి గ్రీజు అంటకుండా టైపు చేస్తారు. నా షెడ్డుకి రా, చూపిస్తా.

రెంటచింతల_ఎండ:
రెండు పోస్టుల కింద బ్యాటరీయే అని ఒట్టేసి చెప్పారు, ఇప్పుడు రిలే, మోటార్ అంటున్నారు. సౌండ్ మళ్ళీ విన్నారా?

గోదారి_గట్టు:
మీటర్ వచ్చింది. ఊరికే ఉన్నప్పుడు 12.6. సెల్ఫ్ నొక్కి పట్టుకుంటే 12.4. టిక్ వస్తోంది.

మల్టీమీటర్_మామ:
బ్యాటరీ బంగారం. మార్చి ఉంటే డబ్బు దండగయ్యేది. బండి న్యూట్రల్‌లో పెట్టి ఇప్పుడు ఇది చెయ్యండి. నల్ల వైరు బ్యాటరీ మైనస్ కొన మీద, ఎర్ర వైరు ఇంజిన్ మీద పెయింట్ లేని చోట, ఏదైనా బోల్టు తల మీద. సెల్ఫ్ నొక్కండి. అర వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. తరవాత ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, నల్లది మోటార్ నట్టు మీద పెట్టి, నొక్కి, అదీ చూడండి. ఎక్కడ వోల్టులు కనపడితే అక్కడ రోగం ఉంది.

పాత_బుల్లెట్:
దీనికంటే కిక్ రాడ్ చౌక.

గోదారి_గట్టు:
మొదటి దాంట్లో 11.7 చూపిస్తోంది! రెండోది దాదాపు సున్నా.

మల్టీమీటర్_మామ:
ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి బయల్దేరిన లావు నల్ల కేబుల్ ఇంజిన్‌కి గానీ ఛాసిస్‌కి గానీ ఎక్కడో బోల్టుతో బిగించి ఉంటుంది. వేళ్ళతో పట్టుకుంటూ వెళ్ళండి. లైట్లకీ పంపుకీ వైరింగ్ కిట్‌లో వేరే సన్న ఎర్త్ ఉంటుంది కాబట్టి అవన్నీ పనిచేస్తున్నాయి. సెల్ఫ్ మోటార్‌కి కావాల్సిన భారీ కరెంట్ మాత్రం ఈ ఒక్క బోల్టు గుండానే పోవాలి.

గోదారి_గట్టు:
దొరికింది సార్. ఇంజిన్ వెనక, చైన్ కవర్ పైన, బురద పేరుకుని బోల్టే కనపడలేదు. విప్పితే రింగు కింద పచ్చటి చిలుము మందంగా ఉంది, కేబుల్ రెండు పోగులు తెగి ఉన్నాయి. గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, రింగుకీ ఇంజిన్‌కీ మధ్య పెయింట్ గీకి, బిగించి, పైన గ్రీజు పూశాను. సెల్ఫ్ నొక్కగానే అందుకుంది.

స్పానర్_శీను:
బ్యాటరీ కనెక్షన్ అన్నది నేను చెప్పినదే. ఎర్త్ బ్యాటరీలో భాగం కాదా?

బీఎస్6_బాధితుడు:
"కళ్ళు మూసుకుని మార్చెయ్" అన్నారు గురూ, పైకి వెళ్ళి చదువుకోండి.

మల్టీమీటర్_మామ:
తెగిన పోగులున్న కేబుల్‌ని వీలైనంత త్వరగా మార్చండి. ఇప్పుడు ఇంజిన్ ఆన్‌లో పెట్టి, కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర వోల్టులు కూడా చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి.

గోదారి_గట్టు:
14.1. అందరికీ థాంక్స్. షెడ్డాయన అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా.

సింగ్‌నగర్_సత్తి:
మామ గారూ, మీరు ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. వరద తరవాత మా నాన్న మోపెడ్‌కి ప్లగ్గు, ఆయిల్ మార్చాం, ప్లగ్గులో కరెంట్ వస్తోంది, పెట్రోల్ వస్తోంది. చల్లగా ఉన్నప్పుడు అందుకుంటుంది, సందు చివరికి వెళ్ళేసరికి ఆగిపోతుంది, మళ్ళీ చల్లారితే గానీ అందుకోదు.

స్పానర్_శీను:
ప్లగ్గుకి కరెంట్ ఇచ్చే కాయిల్. మార్చెయ్.

మల్టీమీటర్_మామ:
సత్తి గారూ, ఆగిపోగానే పెట్రోల్ ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టి, మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. మూతలోని గాలి రంధ్రం వరద బురదతో మూసుకుపోయి, పెట్రోల్ కిందికి దిగడం ఆగిపోతూ ఉండొచ్చు. కాయిల్ సంగతి ఆ తరవాత.