అక్టోబరు చివర్లో స్పెయిన్: ఏ ఊరు ఉంచాలి, ఏది కొట్టేయాలి?

అనంతలత:
అక్టోబరు ఆఖరి వారంలో అమ్మానాన్నలతో స్పెయిన్ వెళ్తున్నాం. మాది అనంతపురం. 1969లో మా జిల్లాకి వచ్చి పేదల కోసం పనిచేస్తూ ఇక్కడే ఉండిపోయిన విన్సెంట్ ఫెర్రర్ గారు పుట్టిన ఊరు చూడాలని నాన్నకి ఎప్పట్నుంచో కోరిక, కాబట్టి బార్సిలోనా ఖాయం. మా తమ్ముడేమో టమాటాల పండగ ఊరు బున్యోల్, ఎద్దుల పరుగు ఊరు పాంప్లోనా, ఇవి కాక గ్రనాడా, సెవియ్యా, బిల్బావో అంటూ చాంతాడంత లిస్టు ఇచ్చాడు. చేతిలో ఉన్నది వారం. అమ్మ మాంసం, చేప, గుడ్డు ముట్టదు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పరూ?

గోదారిగట్టు:
లత గారూ, ముందు మీ తమ్ముడి లిస్టుకి కత్తెర వేయండి. బున్యోల్‌లో టమాటాలు విసురుకునేది ఆగస్టు ఆఖరి బుధవారం, అదీ గంటసేపు. 2013 నుంచి దానికీ టికెట్టు పెట్టారు. మిగతా ఏడాదంతా అది వలెన్సియా దగ్గర ఒక మామూలు ఊరు. పాంప్లోనాలో ఎద్దులు పరిగెత్తేది జులై 7 నుంచి 14 వరకు, పొద్దున 8 గంటలకి. ఇక్కడ చాలా ఊళ్ల పేరు ఒక తేదీకో, ఒక గంటకో ముడిపడి ఉంటుంది. మీరు వచ్చే రోజుల్లో ఏం జరుగుతోందో చూసుకుని ఊళ్లు ఎంచుకోండి.

మీకు కలిసొచ్చింది ఏంటంటే, అక్టోబరు ఆఖరు కుంకుమపువ్వు కోతల కాలం. టొలేడో నుంచి 60 కిలోమీటర్లలో కొన్సుయెగ్రా అనే ఊరుంది. ఫొటోల్లో కొండ మీద వరసగా గాలిమరలు కనిపిస్తాయే, అదే. అక్టోబరు చివరి శని ఆదివారాల్లో అక్కడ కుంకుమపువ్వు పండగ. పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే పొద్దున్నే కోసి బుట్టల్లో తెస్తారు. బల్ల మీద ఊదా రంగు గుట్ట. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని, పువ్వుని ఒక చేత్తో పట్టుకుని, కాడ దగ్గర గోటితో గిల్లి మూడు ఎర్ర పోగులు లాగి పళ్లెంలో వేస్తారు, రేకులు కిందకి పోతాయి. పండగలో దీనికే పోటీలు పెడతారు. ఆ వేళ్ల వేగం చూస్తుంటే మనకి కళ్లు తిరుగుతాయి! ఒలిచిన పోగుల్ని జల్లెడలో పరిచి సన్నసెగ మీద ఆరబెడితే బరువు అయిదో వంతుకి పడిపోతుంది. కిలోకి లక్షన్నర పూలు కావాలంటే ధర ఎందుకంతో అర్థమవుతుంది. కొంటే పోగులే కొనండి, పొడి వద్దు. డబ్బా మీద ఆ ప్రాంతం పేరుతో ఉండే లా మాంచా ముద్ర చూసుకోండి.

అన్నట్టు, ఆ శనివారం అర్ధరాత్రి దాటాక ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆదివారం బస్సు ఉంటే జాగ్రత్త.

రెండోది వలెన్సియా, అదీ గురువారమే. మా నాన్న అమలాపురం దగ్గర వరి రైతు. నీటి వంతు కోసం కాలువ నీళ్లు వదిలే లస్కరు చుట్టూ తిరగడం, గట్టు మీద కేకలు, ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ అలాంటి గొడవలు తీర్చడానికి ప్రతి గురువారం మధ్యాహ్నం 12కి కథెడ్రల్ (పెద్ద చర్చి) ద్వారం ముందు కోర్టు కూర్చుంటుంది. టూరియా నది నీళ్లు పారే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న రైతులే జడ్జీలు, నల్ల చొక్కాలు వేసుకుని వస్తారు. లాయర్లుండరు, వాదనంతా నోటితోనే, తీర్పు అక్కడికక్కడే. బంట్రోతు ఒక్కో కాలువ పేరు పిలిచి ఫిర్యాదుందా అంటాడు. ఎవరూ రాకపోతే అయిదు నిమిషాల్లో లేచిపోతారు. అందుకే పావుగంట ముందే చేరండి. దీన్ని 2009లో యునెస్కో గుర్తించింది. నాన్నగారికి తప్పక నచ్చుతుంది, నిలబడాల్సింది కూడా కాసేపే.

మాడ్రిడ్ మాధవి:
కొన్సుయెగ్రాకి రైలు లేదండీ, బస్సో కారో తప్పదు. గాలిమరల దాకా కారు వెళ్తుంది కాబట్టి మోకాళ్లకి పర్లేదు. టొలేడో మాత్రం అంతా ఎత్తుపల్లాలే. కింది నుంచి పాత ఊళ్లోకి ఎస్కలేటర్లున్నాయి, అవి వాడుకోండి. అక్కడ కత్తులు, మర్సిపాన్ ఫేమస్. మర్సిపాన్ అంటే బాదం, పంచదార ముద్ద. కొన్నిటికి పైన గుడ్డు సొన పూస్తారు, అడిగి తీసుకోండి. హిహోనా ఊరి తురోన్ కూడా బాదందే, కానీ అందులో తెల్లసొన ఉంటుంది, అమ్మగారికి వద్దు.

వలెన్సియా పాయెయ్యా అనే అన్నం వంటకంలో కోడి, కుందేలు వేస్తారు. కూరగాయలది అడిగినా మాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో కనుక్కోండి. "మాంసం తినం" అంటే సలాడ్ మీద ట్యూనా వేసి తెస్తారు, ఇక్కడివాళ్ల లెక్కలో చేప మాంసం కాదు! పద్రోన్ మిరపకాయలు మాత్రం ధైర్యంగా తినొచ్చు. నూనెలో వేయించి ఉప్పు చల్లి ఇస్తారు, చాలావాటికి కారం ఉండదు, ఎక్కడో ఒకటి మాత్రం కారంగా తగులుతుంది. రాత్రి 8:30కి ముందు చాలా హోటళ్లలో వంట మొదలవదు. నాన్నగారు మందులు వేసుకునేవారైతే బ్యాగులో తినడానికి ఏదైనా పెట్టుకోండి.

అనంతలత:
ఇద్దరికీ థాంక్స్. గురువారం వలెన్సియా, శనివారం కొన్సుయెగ్రా ఫిక్స్. తమ్ముడు అలిగాడు. కనీసం గ్రనాడా అయినా ఉంచమంటున్నాడు.

గోదారిగట్టు:
ఉంచొచ్చు, కానీ అక్కడి పాత కోట అల్హంబ్రాకి టికెట్లు దొరికితేనే. కోట లోపలి నస్రీద్ రాజభవనాల్లోకి వెళ్లే టైము టికెట్టు మీదే వేస్తారు, అది దాటితే లోపలికి పంపరు. అందరి పాస్‌పోర్టులు పట్టుకెళ్లాలి. ఇవాళే చూడండి. దొరక్కపోతే మాడ్రిడ్ నుంచి సెగోవియా వెళ్లండి, హైస్పీడ్ రైల్లో అరగంట. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి రోమన్లు కట్టిన నీటి వంతెన, 28 మీటర్ల ఎత్తు, కింద చదును నేల మీద కుర్చీ వేసుకుని చూడొచ్చు. సెవియ్యా, బిల్బావో ఈసారికి వదిలేయండి.