సామెతలు 31: "గుణవతి" అన్న మాట మా అమ్మకు సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది మహబూబ్‌నగర్‌లో. మా అమ్మ ఈమధ్య 92వ ఏట ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూడిక కోసం పత్రిక వేయిస్తున్నాం. దాని మీద ఏ వాక్యం ఉండాలన్న దగ్గర నాకూ మా పెద్దన్నకూ మాట కుదరట్లేదు. ఇది ఇంటి విషయమే అయినా అసలు తకరారు ఒక మాట దగ్గరే ఉంది కాబట్టి ఈ గ్రూపులో అడుగుతున్నాను.

మా సంఘాల్లో తల్లి పోతే ఎక్కువమంది వేయించేది బైబిల్లోని సామెతల పుస్తకం 31వ అధ్యాయం 10వ వచనం. "గుణవతియైన భార్య దొరుకుట అరుదు, అట్టిది ముత్యముకంటె అమూల్యమైనది." పెద్దన్న అదే వేయిద్దామంటున్నాడు. నాకు మనసు ఒప్పట్లేదు.

ఎందుకంటే, అమ్మకు నలభై నిండకముందే నాన్న పోయాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఆమె ఎవరికీ భార్య కాదు. పంతులమ్మ, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, చివరికి సంఘ పెద్ద. మా ఊళ్లోంచి సగం మంది మగవాళ్లు మట్టిపనికి సాగర్ కట్ట మీదికో, శ్రీశైలానికో, బొంబాయికో పోయి ఉంటే, ఇళ్లల్లో మిగిలిన ఆడవాళ్లకు వచ్చిన ఉత్తరాలు చదివి పెట్టింది, జవాబులు రాసింది అమ్మే. కందిలి ముందు కూర్చోబెట్టి వాళ్లలో చాలామందికి అక్షరాలు నేర్పింది, వాళ్లు మొదట కూడబలుక్కుని చదివిన పుస్తకం బైబిలే. కాన్పు కష్టమైతే అర్ధరాత్రి బండి కట్టించి జడ్చర్ల మిషన్ దవాఖానకు వెంట పోయేది, ఆ ఇల్లు మాలదా, మాదిగదా, కుర్మోళ్లదా అని ఏనాడూ చూడలేదు. ప్రతి పొయ్యి దగ్గరా పిడికెడు గింజలు తీసి పెట్టించి, బియ్యం లేని ఇంట్లో జొన్నలే తీయించి, అట్లా కూడిన గింజలు అమ్మిన పైసలతో గుడికి పెంకులు కప్పించింది. ఒకసారి గుడి జాగా గురించి పెద్ద గొడవైతే మగపెద్దలు మాట్లాడటానికి వెనకాడుతున్న చోట తను లేచి మాట్లాడి కాయితాలు ముందు పెట్టింది. ఇదంతా చేసిన మనిషిని తీసుకుపోయి "గుణవతియైన భార్య" అన్న మాటలో కూర్చోబెట్టడం నాకు చిన్నగా అనిపిస్తోంది.

ఇక భాష సంగతి. అక్కడ మూలభాష హీబ్రూలో ఉన్న మాట "ఎషెత్ హయిల్". "ఎషెత్" అంటే స్త్రీ, భార్య అని కూడా వస్తుంది. "హయిల్" అంటే బలం, పరాక్రమం, సామర్థ్యం, ఆస్తి, సైన్యం. నిర్గమకాండం 14లో ఫరో సేన అన్నది ఈ మాటే. న్యాయాధిపతులు 6లో దేవదూత గిద్యోనును పిలిచిన పిలుపులో ఇది ఉంది, మన తెలుగులో "పరాక్రమముగల బలాఢ్యుడా" అని ఎంత గట్టిగా వేశారో చూడండి. నిర్గమకాండం 18లో మోషే మామ, జనానికి పెద్దలుగా ఎట్లాంటి మనుషులను పెట్టుకోవాలో చెబుతూ వాడిందీ ఇదే, అక్కడ తెలుగు "సామర్థ్యము". అంటే మగవాళ్లకు వాడినప్పుడు పరాక్రమం, సామర్థ్యం అయిన మాట, ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి గుణం అయ్యింది. 29వ వచనంలో ఇంకా నెమ్మదించింది. "చాలమంది కుమార్తెలు పతివ్రతాధర్మము ననుసరించియున్నారు" అని చదువుతాం కదా, ఆ పతివ్రతాధర్మం ఉన్నచోట కూడా హీబ్రూలో హయిలే. చాలామంది కూతుళ్లు ఘనకార్యాలు చేశారు అని దాని భావం.

ఇది తెలిసినప్పటి నుంచి ఆ అధ్యాయం నాకు వేరేగా వినిపిస్తోంది. పొలం చూసి కొనే ఆడమనిషి, నడుం బిగించి చేతులతో బలంగా పనిచేసే మనిషి, జ్ఞానంతో నోరు తెరిచే మనిషి. భర్త ఊసు మధ్యలో వచ్చి పోతుంది తప్ప పద్యమంతా ఆమె పనుల లెక్కే.

నేను వేయిద్దామంటున్నది చివరి వచనం: "గవునులయొద్ద ఆమె పనులు ఆమెను కొనియాడును." పెద్దన్న అభ్యంతరం ఏమంటే "గవునులు" అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు, అచ్చుతప్పు అనుకుంటారని. మీరేమంటారు? ఈ మాట ఇంకా ఎక్కడన్నా నడుస్తోందా?

*

నల్లగొండ నుంచి, రిటైరైన తెలుగు పండితుడు:

అమ్మా, ముందుగా మీ అమ్మగారికి నా నివాళి. అలాంటి పంతులమ్మల దగ్గర ఓనమాలు దిద్దిన వాళ్లలో నేనూ ఒకడిని.

గవని, గవిని, గవును అన్నీ ఒకటే. ఊరికో కోటకో ఉండే పెద్ద వాకిలి. బ్రౌన్ నిఘంటువులో ఉంది. మన దగ్గర తర్వాత దర్వాజ వచ్చి దాని జాగాలో కూర్చుంది. బైబిల్లోనే అన్నిచోట్లా గవిని లేదు, రూతు పుస్తకం 4వ అధ్యాయంలో, రూతును పెళ్లాడిన బోయజు పోయి కూర్చున్నది "పురద్వారము" దగ్గర, అదీ ఇదీ ఒకటే. ఆ కాలంలో పెద్దమనుషులు కూర్చుని తగువులు తీర్చేదీ, పొలాలు చేతులు మారేదీ అక్కడే. మన కచ్చీరు అనుకోండి. 23వ వచనంలో ఆమె పెనిమిటి గవిని దగ్గర పెద్దలతో కూర్చుంటాడు, 31కి వచ్చేసరికి అదే గవిని దగ్గర ఆమె పనులు మాట్లాడతాయి. మీ అమ్మగారు సంఘ పెద్దగా కూర్చున్నారంటున్నారు కాబట్టి ఈ వాక్యం ఆమెకు చక్కగా సరిపోతుంది.

అయితే "గుణవతి"ని మీరు మరీ తక్కువ చేశారు. పల్లెల్లో "గుణం గల్ల మనిషి" అంటే మాట మీద నిలబడేవాడు, చెయ్యి పెద్దదైనవాడు అని. అనువాదకులు ఆ బరువుతోనే వాడి ఉండవచ్చు. నాకు ఇబ్బంది "భార్య" దగ్గర, "పతివ్రతాధర్మం" దగ్గర.

*

హైదరాబాద్ నుంచి, సొంతూరు దేవరకొండ:

అక్కా, ఒక సంగతి కలుపుతాను. పాత గ్రీకు అనువాదంలో ఇదే చోట "ధైర్యం గల స్త్రీ" అనే అర్థం వచ్చే మాట ఉంది. లాటిన్ బైబిల్లో "ఫోర్తెమ్", అంటే బలమైన స్త్రీ. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లోని "వర్చువస్" కూడా లాటిన్ "విర్తూస్" నుంచి వచ్చిందే, దానికి మొదటి అర్థం మగతనం, శౌర్యం. తర్వాత ఇంగ్లీషులోనే అది శీలంగా మారిపోయింది. కాబట్టి ఈ మాట మెత్తబడటం ఒక్క తెలుగులోనే జరిగింది కాదు.

ఇంకోటి, రూతు 3:11 చూడండి, బోయజు రూతుతో అన్న మాట. "నీవు యోగ్యురాలవని నా జనులందరు ఎరుగుదురు." అక్కడ ఉన్నదీ ఎషెత్ హయిలే. అప్పటికి రూతు విధవరాలు, బోయజు ఇంకా ఆమెను పెళ్లాడలేదు. పైగా "నా జనులందరు" అన్నచోట హీబ్రూలో అక్షరాలా ఉన్నది "నా జనుల గవిని అంతా" అని.

*

మళ్లీ నేను:

సార్, మీరన్నది ఒప్పుకుంటాను, గుణం అన్న మాటకు మన ఊళ్లల్లో ఉన్న బరువు నిజమే. అమ్మ గురించి మా ఊరివాళ్లు కూడా "గుణం గల్ల తల్లి" అనే అంటున్నారు, వాళ్ల నోట వింటే నాకు చిన్నగా అనిపించట్లేదు. పత్రిక మీద "భార్య" పక్కన చేరినప్పుడే అది కుంచించుకుపోతోంది.

తమ్ముడూ, రూతు సంగతి చదివి నేను చాలాసేపు ఏడ్చాను. అమ్మకు ఆ పుస్తకం చాలా ఇష్టం. నాన్న పోయిన ఏడాది స్త్రీల కూడికలో దాన్నే మొదటి నుంచి చివరిదాకా చదివించిందని ఆమె ఈడు పెద్దమ్మ ఒకామె మొన్న చెప్పింది. తెల్లబట్ట కట్టించి మూలకు కూర్చోబెట్టాలని చూసిన చుట్టాలకు అమ్మ ఇచ్చిన జవాబు కూడా ఆమెనే చెప్పింది: "నా పెనిమిటి పోయిండు గాని నా పని పోలే." అమ్మ ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

మీ జవాబులు రెండూ పెద్దన్నకు ఫోన్లో చదివి వినిపించాను. కొంచెంసేపు మాట్లాడలేదు, తర్వాత "విధవరాలిని అన్నడా ఆ మాట?" అని రెండుసార్లు అడిగాడు. పత్రిక లోపలి పేజీలో రూతు 3:11, పైన ఫోటో కింద గవిని వాక్యం అని కుదిరింది. "గవునులయొద్ద" అన్నది మార్చవద్దని, కింద చిన్న అక్షరాల్లో "గవిని: ఊరి వాకిలి, పెద్దలు కూర్చుని న్యాయం చెప్పే చోటు" అని వేయిద్దామని పెద్దన్నే అన్నాడు.

గద్వాల, అలంపూర్, కొల్లాపూర్ వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ కోట వాకిళ్లను ముసలివాళ్లు గవిని అనడం విన్నారా, లేక అందరూ దర్వాజే అంటున్నారా? పత్రిక శుక్రవారం ప్రెస్సుకు పోతుంది.