ప్రతిజ్ఞలోని ‘ప్రేమిస్తున్నాను’, ‘గౌరవిస్తాను’: ఇంగ్లీషులో ఇవి ఎందుకలా మారాయి?

రాజమండ్రి నుంచి, ఇంగ్లీషు టీచర్

గ్రూపులో అందరికీ నమస్కారం. మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బయటి దేశంలో ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్ష రాయాలని దాని పట్టుదల. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఓ గంట నా దగ్గర కూర్చుంటుంది.

మొన్న కొన్ని తెలుగు వాక్యాలిచ్చి ఇంగ్లీషులో రాయమన్నాను. ‘నేను రోజూ ఆరింటికి లేస్తాను’ అన్నదానికి ‘డైలీ ఐ యామ్ గెటింగ్ అప్ ఎట్ సిక్స్’ అని రాసింది. మన పిల్లలందరూ చేసే తప్పే. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను: ‘ఇది సింపుల్ ప్రెజెంట్, అంటే వర్తమాన కాలం. ఐ గెట్ అప్ అనాలి.’

‘అత్తా, వర్తమానం అంటే లేస్తున్నాను కదా. లేస్తాను అనేది వర్తమానం ఎట్లా అవుతుంది? రేపు ఆరింటికి లేస్తాను అన్నా అదే మాట కదా’ అంది.

నేను ఆలోచిస్తుండగానే ఇంకోటి అడిగింది. ‘స్కూల్లో రోజూ ప్రతిజ్ఞ చెప్పేవాళ్ళం. నా దేశాన్ని ప్రేమిస్తున్నాను అంటాం. ఇంగ్లీషులో ఐ లవ్ మై కంట్రీ అంటారు, ఐ యామ్ లవింగ్ అనరు. పెద్దల్ని గౌరవిస్తాను అంటాం. అక్కడేమో ఐ షల్ అని ఉంటుంది. ఏ లెక్కన మారింది?’

పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఆ ప్రతిజ్ఞను తెలుగులోనే రాశారు. దేశంలోని మిగతా భాషల్లోకి తర్వాత వెళ్ళింది. అంటే మూలం మనది, ఇంగ్లీషు దాని అనువాదం. అదే మాటల్ని వాళ్ళ కాలాల్లోకి మార్చేటప్పుడు ‘ప్రేమిస్తున్నాను’ సింపుల్ ప్రెజెంట్ అయింది, ‘గౌరవిస్తాను’ ఫ్యూచర్ అయింది. మనం పిల్లలకి నేర్పే పట్టికలో మాత్రం ‘-తున్నాను’ ఎదురుగా ‘యామ్ … ఇంగ్’ అని, ‘-తాను’ ఎదురుగా ఒకచోట ప్రెజెంట్ అని, ఇంకోచోట ఫ్యూచర్ అని ఉంటుంది. పిల్ల తికమక పడిందంటే తప్పు పిల్లది కాదు, పట్టికది.

‘వస్తాను’ ఒక్కటి తీసుకోండి. ‘రోజూ ఈ దారినే వస్తాను’ అంటే అలవాటు. ‘రేపు పెళ్ళికి వస్తాను’ అంటే మాట ఇవ్వడం. చెప్పులేసుకుంటూ గుమ్మంలో నిలబడి ‘వస్తాను’ అంటే వెళ్ళిపోతున్నానని. మూడింటికీ ఇంగ్లీషులో మూడు దారులు. దీన్ని మీరు పిల్లలకి ఎలా చెప్తారు?

తెనాలి నుంచి, రిటైరైన తెలుగు పండితుడు

అమ్మా, మీ మేనకోడలు అడిగిన ప్రశ్నకి జవాబు మన వ్యాకరణంలోనే ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అందులో కాలాలు మూడు కావు, నాలుగు. భూతం, వర్తమానం, భవిష్యత్తు, వీటితోపాటు తద్ధర్మం. అలవాటుగా జరిగేది, స్వభావంగా ఉండేది, ఏ ఒక్క కాలానికీ కట్టుబడనిది తద్ధర్మం. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి’ అని మేం తరగతిలో చెప్పేది దీన్నే.

గ్రాంథికంలో ఈ నాలుగింటికీ వేరు వేరు రూపాలు ఉన్నాయి. చేయుచున్నాను వర్తమానం. చేసెదను భవిష్యత్తు. చేయుదును తద్ధర్మం. వాడుక భాషకు వచ్చేసరికి ‘చేసెదను’ చేసే పనీ, ‘చేయుదును’ చేసే పనీ ‘చేస్తాను’ ఒక్కటే మోస్తోంది. రోజూ అనో, రేపు అనో పక్కన ఒక మాట పెట్టి తేడా తెలుపుకుంటాం.

ఇంగ్లీషువాళ్ళు సింపుల్ ప్రెజెంట్ అని పేరు పెట్టుకున్నది చాలా వరకు మన తద్ధర్మమే. పేరులో ప్రెజెంట్ ఉంది కదా అని గైడ్లలో ‘వర్తమాన కాలం’ అని అనువదించారు. చిక్కంతా అక్కడ మొదలైంది. వర్తమానం అనగానే తెలుగు పిల్లవాడికి ‘-తున్నాను’ తప్ప ఇంకోటి తోచదు. తోచకూడదు కూడా, వాడి భాష వాడికి సరిగ్గా చెప్తోంది. సింపుల్ ప్రెజెంట్ అన్నచోట తద్ధర్మం అని రాసి చూడండి. ‘రోజూ లేస్తాను’కి ‘ఐ యామ్ గెటింగ్ అప్’ రాయడం దానంతట అదే తగ్గుతుంది.

రాజమండ్రి నుంచి, ఇంగ్లీషు టీచర్

మాస్టారూ, మీకు నమస్కారం. తద్ధర్మం నేనూ ఎనిమిదో తరగతిలో చదువుకున్నాను. ఆ తెలుగు గంటలో చదివినది ఈ ఇంగ్లీషు గంటలో పనికొస్తుందని ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. ఈ రాత్రే దానికి చెప్తాను.

కరీంనగర్ నుంచి, బ్యాంకు ఉద్యోగి

మేడం, మా దిక్కు కూడా ఇంతే. ‘పొద్దుగాల లేస్త’ అంటే అలవాటు, ‘రేపు లేస్త’ అంటే రేపటి సంగతి. రెండింటికీ ఒకటే ‘లేస్త’.

నాకు కష్టమైంది ‘-తున్న’ తోటి. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఏ బ్యాంక్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అన్నాను. మనం ‘ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను’ అంటాం కాబట్టి అట్లనే వచ్చింది. తెలుగులో ‘-తున్నాను’ చాలా వెడల్పు. ఈ నిమిషం చేసేది, ఈ ఏడాదంతా చేసేది, ఐదేళ్ళ నుంచి చేసేది, అన్నీ అందులో పడతాయి. ఇంగ్లీషులో ఈ నిమిషానిది ‘యామ్ వర్కింగ్’, స్థిరమైన ఉద్యోగం అయితే ‘ఐ వర్క్’, ఐదేళ్ళ నుంచి అంటే ‘హ్యావ్ బీన్ వర్కింగ్’. ప్రతిజ్ఞలోని ‘ప్రేమిస్తున్నాను’ ఈ వెడల్పు అర్థంలోదే అనిపిస్తుంది. ఇప్పుడే మొదలైందని కాదు, ఇప్పుడే ఆగుతుందనీ కాదు.

‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ కూడా అందరూ తప్పంటారు. మనకు ‘ఇద్దరు అన్నలు ఉన్నారు’. ఆ ‘ఉన్న’ ‘వస్తున్నారు’లో కూడా వినిపిస్తుంది కాబట్టి ‘ఇంగ్’ వచ్చి చేరుతుందేమో అని నా ఊహ. ఇంకోటి, ‘ఇప్పుడు ఇంట్లనే ఉన్న’, ‘నిన్న ఇంట్లనే ఉన్న’ రెండూ ఒకటే మాట. అందుకే యామ్ అనాలో వాజ్ అనాలో మావాళ్ళు తడబడతారు.

బెంగళూరు నుంచి

కరీంనగర్ మిత్రులు చెప్పింది నిజం. కానీ రేపటి ప్లాన్ల విషయంలో తెలుగు పిల్లలకి ఇంగ్లీషు చాలా సులువు కావాలి. ‘రేపు ఊరెళ్తున్నాను’ అంటే టికెట్ కొనేసినట్టు. ఇంగ్లీషులోనూ ‘ఐ యామ్ గోయింగ్ హోమ్ టుమారో’ సరిగ్గా అదే. ‘సరే, నేను వెళ్తాను’ అంటే అప్పటికప్పుడు ఒప్పుకోవడం. దానికి ‘ఐ విల్ గో’. ఇక ‘చేయబోతున్నాను’ చూడండి. చేయన్, పోవు కలిసి చేయబోవు. పోవడమంటే వెళ్ళడమే కదా. ‘ఐ యామ్ గోయింగ్ టు డూ’లో గోయింగ్ కూడా అదే. ఎక్కడో పుట్టిన రెండు భాషలు రాబోయే పనిని చెప్పడానికి ఒకే క్రియను పట్టుకున్నాయి. ఇది మొదటిసారి గమనించిన రోజు ఇంట్లో అందరికీ చెప్పాను.

ఒక్క జాగ్రత్త చాలు. మాటల్లో మనం ‘-బోతున్నాను’ తక్కువ వాడతాం. ‘ఇల్లు కొందామనుకుంటున్నాను’ అంటాం, మబ్బు చూసి ‘వాన పడేలా ఉంది’ అంటాం. ఈ రెండూ ఇంగ్లీషులో ‘గోయింగ్ టు’లోకి వెళ్తాయి. పిల్లలు ‘-బోతున్నాను’ ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇవి చేజారతాయి.

తెనాలి నుంచి, రిటైరైన తెలుగు పండితుడు

చేయన్ + పోవు అన్నచోట ద్రుతం, అంటే చివరి నకారం, తర్వాత పకారం బకారమవుతుంది. సరళాదేశ సంధి. చేయగలను కూడా అంతే, చేయన్ + కలను. చెయ్యొచ్చు అన్నదాంట్లో ఉన్నది ‘వచ్చు’. చేయాలి అన్నదాంట్లో ‘వలయును’ దాగి ఉంది. తెలంగాణలో ‘రావాలె’ అంటారు చూడండి, వలె అన్న చప్పుడు అందులో ఇంకా బతికే ఉంది.

కువైట్ నుంచి

అక్కా, మీరందరూ చదువుకున్నవాళ్ళు, నాకు వ్యాకరణం తెలీదు. మాది రాజంపేట దగ్గర పల్లె. పన్నెండేళ్ళుగా ఇక్కడ డ్రైవర్‌ని. నా అనుభవం ఒకటి చెప్తాను.

వచ్చిన కొత్తలో అమ్మకి బాగాలేదని ఫోనొచ్చింది. యజమానికి మెసేజ్ పెట్టినా. ‘సార్, యూ మస్ట్ గివ్ మీ లీవ్.’ నా మనసులో ఉన్నది ‘సార్, మీరు నాకు సెలవు ఇవ్వాల సార్’ అని బతిమాలడం. ఆయన చదువుకున్నది ఇచ్చి తీరాలి అనే ఆజ్ఞ. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. చివరికి పక్కన పనిచేసే కేరళ అన్న చెప్పినాడు, ‘కుడ్ యూ ప్లీజ్’ అని అడగాలని. అట్లా అడిగితే సెలవిచ్చినాడు, టికెట్ కూడా కొన్నాడు.

‘ఇవ్వాల’ అంటే మనకి బతిమాలడమూ ఉంది, బాధ్యతా ఉంది, ఆజ్ఞా ఉంది. గొంతును బట్టి తెలుస్తుంది. మెసేజ్‌లో గొంతు ఉండదు. మీ పాపకి ఇది తప్పకుండా చెప్పండక్కా.

రాజమండ్రి నుంచి, ఇంగ్లీషు టీచర్

తమ్ముడూ, మీరు రాసింది దానికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘అమ్మమ్మగారికి తగ్గిందా అని అడుగు’ అంది. వీలైతే చెప్పండి.

మీరు చెప్పింది క్యాన్, మే, మస్ట్ లాంటి మోడల్ వెర్బులన్నింటికీ మూలం. మర్యాదని మనం ‘మీరు’లో పెడతాం, ‘అండి’లో పెడతాం, ప్రశ్నలో పెడతాం. ‘కాస్త ఆ ఫైలు ఇస్తారా?’ అంటే చాలు, ఎంతో మర్యాద. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే, ‘అండి’ లేదు. ఆ పనంతా కుడ్, వుడ్, మే అనే చిన్న మాటలే చేయాలి. వాటిని వదిలేసి ‘గివ్ మీ ద ఫైల్’ అంటే మనం ఏకవచనంలో పిలిచినట్టు వినిపిస్తుంది వాళ్ళకి. మన మనసులో అది ఉండదు.

మా మేనకోడలితో నిన్న రాత్రంతా దీని మీదే కూర్చున్నాం. రావడం అనే ఒక్క క్రియ పట్టుకుని ఎన్ని వస్తాయో చూడమన్నాను. రావచ్చు, రాగలను, రావాలి, రాకూడదు, రావద్దు, రాలేను, రాకపోవచ్చు, రానక్కర్లేదు అని రాసుకుంటూ పోయింది. ఆగి, ‘నాకు తెలుగు వచ్చు అన్నప్పుడు కూడా ఇదే వచ్చు కదా అత్తా’ అంది. అవును. మనకి భాష వస్తుంది, ఈత వస్తుంది, వంట వస్తుంది. ఇంగ్లీషులో వాటన్నింటికీ ‘క్యాన్’. మళ్ళీ ‘లోపలికి రావచ్చా?’లో అదే వచ్చు ‘మే’ అవుతుంది, ‘సాయంత్రం వాన రావచ్చు’లో ‘మైట్’ కూడా అవుతుంది.

నర్సుకి అన్నిటికంటే ముఖ్యమైనది ‘కూడదు’కీ ‘అక్కర్లేదు’కీ ఉన్న తేడా. ఆపరేషన్‌కి ముందు రోగికి ‘ఏమీ తినకూడదు’ అని చెప్తారు. ‘యూ మస్ట్ నాట్ ఈట్.’ మామూలు రక్తకణాల పరీక్షకి ‘పరగడుపున రానక్కర్లేదు’ అని చెప్తారు. ‘యూ డోంట్ హ్యావ్ టు కమ్ ఫాస్టింగ్.’ మా మేనకోడలు రెండో వాక్యానికి కూడా ‘మస్ట్ నాట్’ రాసింది. రావాలి అంటే మస్ట్, కాబట్టి అక్కర్లేదు అంటే మస్ట్ నాట్ అని దాని లెక్క. అలా అంటే పరగడుపున రాకూడదని అర్థం మారిపోతుంది. ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాల్సిన మనిషికి ఆ మాట చెప్తే పరీక్షే తప్పుతుంది. తెలుగులో ఈ రెండూ దానికి ఎప్పుడూ కలగలవవు. అందుకే ఇంగ్లీషు వాక్యం రాసే ముందు అది కూడదా, అక్కర్లేదా అని తెలుగులో పైకి అనమంటున్నాను.

కరీంనగర్ నుంచి, బ్యాంకు ఉద్యోగి

మేడం, ఒక చిన్న సందేహం. రైలు టైము చెప్పేటప్పుడు ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అంటారు. రేపటి సంగతికి విల్ లేకుండా ఎట్లా?

రాజమండ్రి నుంచి, ఇంగ్లీషు టీచర్

అక్కడ ఇంగ్లీషు కూడా మన దారికే వచ్చింది. టైంటేబుల్ ప్రకారం జరిగేది రోజూ జరిగేదే, రేపూ జరిగేదే. ‘బండి ఆరింటికి బయల్దేరుతుంది’ అంటాం చూడండి, అదే. ‘ఇఫ్ హి కమ్స్’ అనడం కూడా ఇలాంటిదే, ‘ఇఫ్ హి విల్ కమ్’ అనరు. మన ‘వస్తే’లో కాలమే లేదు కాబట్టి అక్కడ విల్ ఎందుకు రాదని మన పిల్లలు అడగాల్సిన పనే లేదు.

కువైట్ నుంచి

అమ్మ బాగుందక్కా. అడిగినందుకు పాపకి చెప్పండి. ఈ సంక్రాంతికి ఇంటికి పోతున్నా. ‘ఐ యామ్ గోయింగ్ హోమ్’ అని యజమానికి నేనే రాసినా, టికెట్ కొన్నాక.

రాజమండ్రి నుంచి, ఇంగ్లీషు టీచర్

చాలా సంతోషం తమ్ముడూ.

ఈ రాత్రి దాని నోట్‌బుక్ చూశాను. సింపుల్ ప్రెజెంట్ అన్నచోట ‘వర్తమానం’ కొట్టేసి పక్కన ‘తద్ధర్మం’ అని రాసుకుంది. కింద ప్రతిజ్ఞలోని ఒక్కో క్రియ ఎదురుగా ఇంగ్లీషు మాట పెట్టింది. ‘ప్రేమిస్తున్నాను’ దగ్గర ‘ఎప్పుడూ ఉండేది, ఇంగ్ వద్దు’ అని, ‘గౌరవిస్తాను’ దగ్గర ‘మాట ఇస్తున్నాం, షల్’ అని రాసింది. మాస్టారూ, ‘సర్వదా కృషి చేస్తాను’ దగ్గర మాత్రం ప్రశ్నార్థకం పెట్టింది. సర్వదా అన్నాక అది తద్ధర్మం కావాలి కదా, షల్ ఎందుకని దాని సందేహం. ఇవాళ్టి నుంచి ఎప్పటికీ చేస్తానని ప్రమాణం కాబట్టి అన్నాను. మీరు ఒప్పుకుంటారా?

ఇంకొకటి మిగిలింది. హాస్టల్‌కి బయల్దేరేటప్పుడు మా అమ్మకి ‘వెళ్ళొస్తాను’ అని చెప్తుంది, దానికి ఇంగ్లీషులో ఏం రాయాలి అని అడిగింది. ‘ఐ యామ్ లీవింగ్’ అంటే వెళ్ళడం ఒక్కటే మిగులుతుంది. ‘ఐ విల్ బి బ్యాక్’ అంటే రావడం ఒక్కటే మిగులుతుంది. ఈ గ్రూపులో ఎవరికైనా రెండూ పట్టే వాక్యం తోస్తే రాయండి. ఆదివారం బయల్దేరుతోంది, ఆలోగా చెప్తానన్నాను.