మిర్చి నారుమడికి సూడోమోనాస్ పనికొస్తుందా?

ప్రశ్న:
అన్నలూ, మాది ఖమ్మం దగ్గర. నిరుడు మిర్చి నారు మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా పడిపోయింది. ఈసారి షాపాయన సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి వాడమంటున్నాడు. బ్యాక్టీరియాతో తెగులు ఆగడమేంటి? తెగులు మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి పోయొచ్చా?

జవాబు 1:
అది నారుకుళ్లు తమ్ముడూ, ఎక్కువగా మట్టిలో ఉండే పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. సూడోమోనాస్ వేళ్ల చుట్టూ కాపురం పెట్టి, సిడెరోఫోర్లు అనే పదార్థాలు వదిలి వేళ్ల దగ్గర మట్టిలో దొరికే ఇనుమును ముందే లాగేసుకుంటుంది, ఇక తెగులు క్రిమికి ఇనుము కరువు. పైగా యాంటీబయాటిక్స్ విడుదల చేస్తుంది, మొక్కలో సొంత రోగనిరోధక శక్తినీ నిద్రలేపుతుంది. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెట్టి చల్లుకో. కాపర్‌తో మాత్రం అస్సలు కలపొద్దు, అది ఈ బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే, కానీ మడిలో నీళ్లు నిలిస్తే ఏ పొడి పోసినా దండగే. ఎత్తు మడి చెయ్యండి, విత్తనం పలచగా పడాలి. తెగులు మడంతా పాకాక పోస్తే ఫలితం ఉండదు, ఇది ముందు నుంచి వాడాల్సింది.

జవాబు 3:
ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొను భయ్యా. షాపు బయట ఎండలో పెట్టిన సరుకైతే అసలే వద్దు, అందులో బతికున్నవి ఎన్నో దేవుడికే తెలియాలి. బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఉన్నప్పుడు సాయంత్రం పూట మడిలో చల్లు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. విత్తనానికి థైరమ్ అనే తెగులు మందు పట్టించే ఇస్తున్నారు, దాని మీద ఇది పట్టించొచ్చా?

జవాబు 1:
ఆ విత్తనానికి వద్దు, పొడిని ఎరువుతో మట్టిలోనే వెయ్యి.